ప్రక్షిప్తమా? పాఠాంతరమా? – ఒక పాత జెన్ కారు చరిత్ర



పద్యాలూ ఛందస్సూ తప్ప మరొకటి ఎరుగని ఈ పంతులు కార్ల మీద పడ్డాడేమిటని మీరు ఆశ్చర్యపోవచ్చు. నాకూ ఆశ్చర్యంగానే ఉన్నది. అరవై దాటిన తరువాత, పింఛను డబ్బుతో, నడవని ఒక పాత మారుతీ జెన్‌ను కొన్నాను. దానిని బాగుచేయించే క్రమంలో నాకొక చిన్న చరిత్ర దొరికింది. తెలిసినవారు ఒక్కరొక్కరే వెళ్ళిపోతున్నారు కాబట్టి వ్రాసిపెడుతున్నాను.

మాది సికింద్రాబాదులోని రాంగోపాల్‌పేట్. దివాన్ బహదూర్ సేఠ్ రాంగోపాల్ పేరు మీద ఏర్పడిన పేట. జేమ్స్ స్ట్రీట్‌లోని గడియారపు బురుజున్న పోలీసు ఠాణా భవనం ఆయన కట్టించినదే. ఒక ప్రక్క హుస్సేన్‌సాగరం, మరొక ప్రక్క రాణీగంజ్. నిజాం రైల్వేవారు 1932లో 27 బస్సులతో ప్రజారవాణా మొదలుపెట్టిన జంటనగరాలివి. కూతవేటు దూరంలోని కవాడిగూడలో 1943లో ప్రాగా టూల్స్ వెలసింది. ఇనుము కోసే చేతులకు ఇక్కడ ఎన్నడూ కొదువ లేదు. రాణీగంజ్ దుకాణాలలో బేరింగు, బెల్టు, గ్యాస్కెట్, పంపు, నట్టు – ఏది అడిగినా ముందుగా వచ్చే ప్రశ్న ఒక్కటే: "ఒరిజినలా సార్, లోకలా?" తత్సమ తద్భవ వివేచన ఇంత సూటిగా చేసేవారిని నేను విశ్వవిద్యాలయాలలో కూడా చూడలేదు.

ఇక కారు సంగతి. మా బడిలో లెక్కలు చెప్పిన సారు నాకంటె పదేళ్ళు పెద్ద. తెల్లచొక్కా, జేబులో రెండు కలాలు, కొలిచినట్లు మాట. ఏళ్ళ తరబడి ట్యూషన్లు చెప్పి కూడబెట్టిన డబ్బుతో 1998లో ఆ జెన్ కొన్నారు. శనివారం బడి విడిచిన తరువాత నన్ను ఎక్కించుకొని మేడ్చల్ దారిన అలా వెళ్ళి తిరిగి వచ్చేవారు. దారిలో మాటలు తక్కువ. కంటిచూపు మందగించి 2011లో నడపడం మానేశారు. కారు టార్పాలిన్ క్రింద ఉండిపోయింది. 2021లో, కరోనా రెండవ ఉధృతిలో, ఆయన కాలం చేశారు. 2023 జనవరిలో వదినగారు దానిని పాత ఇనుము వానికి ఇరవై వేలకు ఇవ్వబోతున్నారని తెలిసి, పాతిక వేలిచ్చి నేను తీసుకొన్నాను. "ఏమండీ, స్కూటరు మీదనే బెదిరిపోతారు, మీకిది దేనికండీ?" అన్నది మా ఇల్లాలు. సమాధానం చెప్పలేకపోయాను.

నల్లగుట్ట సందులో ఒక షెడ్డు ఉన్నది. దాని ఉస్తాద్ బానెట్ ఎత్తి, టార్చి వేసి, చాలాసేపు చూశాడు. "సార్, గిది జెన్ ఇంజన్ కాదు. ఎస్టీమ్‌ది ఎక్కిచ్చిన్రు" అన్నాడు. నమ్మలేదు. ఇంజను నంబరు తుడిచి చదివించాను. ఆర్.సి. పుస్తకంలో ఉన్న నంబరు కాదది. మన ప్రబంధాలలో ఆశ్వాసాంత గద్య ఉంటుంది కదా, కవి తన పేరు, తండ్రి పేరు, గ్రంథం పేరు చెప్పుకొనేది? ఇంజను నంబరు అట్టిది. ఇక్కడ గద్య ఒక కవిది, కావ్యం మరొక కవిది!

దీని విశేషం తెలియాలంటే కాస్త వెనక్కు వెళ్ళాలి. వెనుక తలుపు పైకి లేచే చిన్న కుటుంబపు కారు హ్యాచ్‌బ్యాక్. పైకి అదే సాధుబండిగా కనిపిస్తూ లోపల దానికి మించిన ఇంజను పెట్టుకొన్నదానిని 1980లలో ఇంగ్లండు మోటారు పత్రికలవారు 'హాట్ హ్యాచ్' అన్నారు. 'వేడి బండి' అని తెనిగిస్తే రేడియేటరు పొగలు కక్కే బండి అనుకొంటారు కాబట్టి ఆ ప్రయత్నం మానుకొంటున్నాను. పేరు తరువాత వచ్చినదే గాని వంశం పాతది. 1956 సూయజ్ సంక్షోభంతో ఇంగ్లండులో పెట్రోలుకు కటకట ఏర్పడింది. తక్కువ పెట్రోలుతో నలుగురిని మోసే బండిగా అలెక్ ఇసిగోనిస్ రూపొందించిన మినీ 1959లో వచ్చింది. పది అడుగుల పొడవు, అడ్డంగా అమర్చిన 848 సీసీ ఇంజను, ముందు చక్రాలకే చోదకశక్తి. రేసుకార్లు కట్టే జాన్ కూపర్ ఈ పొదుపు బండిలో పొగరు చూశాడు. 1961లో 997 సీసీ, 55 గుర్రాల మినీ కూపర్ వచ్చింది. 1964 నాటికి అది 1275 సీసీ అయింది. 1964, 1965, 1967లలో మాంటీ కార్లో రాలీలో పెద్ద పెద్ద కార్లను ఓడించింది. (మినీకి పైకి లేచే వెనుక తలుపు లేదు, డిక్కీయే. వైయాకరణులు ఆక్షేపించవచ్చు, ఆదికవికి ఆ మాత్రం నిరంకుశత్వం ఉండనీయండి.)

తరువాతి పేరు ఫోక్స్‌వాగన్ గోల్ఫ్ జీటీఐ. కొందరు ఇంజనీర్లు గుట్టుగా మొదలుపెట్టిన పని అది. 1975లో ఫ్రాంక్‌ఫర్ట్ ప్రదర్శనకు, మరుసటి ఏడు అంగడికి వచ్చింది. 1588 సీసీ, 110 గుర్రాలు, 810 కిలోల బరువు. అయిదు వేల బండ్లు చేస్తే చాలుననుకొన్నారు. మొదటి తరమే నాలుగున్నర లక్షలు దాటింది.

ఆ కాలంలో మనకు ఉన్నవి అంబాసిడరు, ప్రీమియర్ పద్మిని. 1983 డిసెంబరు 14న మారుతీ 800 రోడ్డెక్కింది. పదేళ్ళకు, 1993లో, జెన్. 993 సీసీ, నాలుగు సిలిండర్ల అల్యూమినియం ఇంజను, 50 గుర్రాలు. బండి బరువు సుమారు ముప్పాతిక టన్ను. గుర్గావ్‌లో తయారై సుజుకీ ఆల్టో పేరుతో ఐరోపాకు కూడా వెళ్ళింది. అయితే దానికి పదునుపెట్టిన రూపాన్ని కంపెనీవారు మనకెన్నడూ ఇవ్వలేదు. మనది లీటరుకు ఎన్ని కిలోమీటర్లని అడిగి కొనే దేశం. నూరు గుర్రాల చిన్న బండి ఫియట్ పాలియో 1.6 వచ్చినది 2001లో. గోల్ఫ్ జీటీఐ మన దేశంలో అమ్మకానికి వచ్చినది 2025లో, యాభై లక్షలు దాటిన ధరకు. ఈ నడుమ సరదా బండి కావలసినవారు ఏమి చేశారు? సందులలోని షెడ్లకు వెళ్ళారు. ఎస్టీమ్ కారు 1994లో వచ్చింది; దాని 1298 సీసీ ఇంజనుదీ జెన్ ఇంజనుదీ ఒకే వంశం. పెద్దన్న ఇంజను తమ్ముని ఒడిలో ఇముడుతుందని ఎవరో ఉస్తాద్ కనిపెట్టి ఉంటాడు. ఆ పేరు ఏ పత్రికలోనూ ఎక్కదు. అంకెలు చూడండి: కూపర్ 997 నుండి 1275కు వెళ్ళాడు, మన షెడ్లవారు 993 నుండి 1298కి వెళ్ళారు. నలభై ఏళ్ళ ఎడంలో, ఒకరి సంగతి ఒకరికి పట్టకుండా, అదే అడుగు.

మరి మా లెక్కల సారు ఈ పని ఎప్పుడు చేయించారు? సాక్ష్యం కారులోనే దొరికింది. డ్యాష్‌బోర్డు అరలో ఒక చిన్న నోటుపుస్తకం. తేదీ, పోయించిన పెట్రోలు, తిరిగిన కిలోమీటర్లు, లీటరుకు సగటు – 1998 నుండి 2011 వరకు ఒక్క పంక్తి తప్పిపోలేదు. 2001 జూన్ వరకు సగటు పదిహేను, పదహారు. జూలైలో పంక్తులే లేవు. ఆగస్టు నుండి పన్నెండు! శాసనాలలో లిపి మారిన చోటును బట్టి కాలనిర్ణయం చేసినట్లు, ఇక్కడ మైలేజీని బట్టి చేయవలసి వచ్చింది. ఆగస్టు మొదటి పంక్తి చివర, ఆ పుస్తకం మొత్తానికి ఉన్న ఒకే ఒక్క మాట, తెలుగులో: "బాగుంది."

పిల్లవాని జవాబుపత్రం మీద కూడా అంత ఉదారమైన మాట ఆయన వ్రాసి ఎరుగరు. ముప్పాతిక టన్ను బండికి 50 గుర్రాలంటే టన్నుకు 67. ఎస్టీమ్ కార్బురేటర్ ఇంజను 65 గుర్రాలది, అంటే 87. ఈ భాగహారం ఆయన తప్పక చేసి ఉంటారు. "పంతులూ, గట్టిగా కూర్చో" అనేవారు అప్పుడప్పుడు. ఆ మాట 2001 తరువాతిదని ఇప్పుడు తోస్తున్నది.

మా బండి షెడ్డులో ఉండగానే, 2023 ఫిబ్రవరి 11న, సాగరానికి దక్షిణపు ఒడ్డున సచివాలయం ప్రక్కన ఫార్ములా ఈ పోటీలు జరిగాయి. ఊరంతా అటు పోయింది. విద్యుత్తు కార్లు, పెద్ద చప్పుడు లేదు. ఆ వారంలోనే ఉస్తాద్ ఎస్టీమ్ ఇంజనుకు నూనె మార్చి, ప్లగ్గులు మార్చి, బయటి సీసాతో పెట్రోలు అందించి సెల్ఫు కొట్టాడు. నాలుగవ ప్రయత్నానికి అంటుకొన్నది. రేకుల షెడ్డు అదిరింది. గొంతుకేదో అడ్డుపడి నేను బయటకు వచ్చి నిలబడ్డాను.

చిక్కు ఇక్కడే వచ్చింది. 1998 బండికి పదిహేనేళ్ళ రిజిస్ట్రేషను 2013లోనే తీరిపోయింది. ముందుగా 31వ ఫారంతో వదినగారి పేరు మీదికి, తరువాత 25వ ఫారంతో పునరుద్ధరణ (2023లో అప్పటి లెక్క ప్రకారం కారుకు రుసుము అయిదు వేలు, ఆలస్యానికి అదనం), ఆ పిమ్మట 29, 30 ఫారాలతో నా పేరు మీదికి. తనిఖీలో ఇంజను నంబరు చూస్తారు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్‌ను 2000లో సవరించి, తయారీదారు నిర్దేశించినదానికి భిన్నమైన మార్పులు చేయరాదన్నారు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు దానిని మరింత గట్టిగా చెప్పింది. అంటే నియమాలు తప్ప మరొకటి ఎరుగడనుకొన్న మా సారు, సవరణ వచ్చిన ఏడాదికే దానిని ఉల్లంఘించారు! ఆయన పాతికేళ్ళు క్రమశిక్షణ సంఘానికి అధ్యక్షులు.

వదినగారి వెనుక గదిలో గోనెపట్టా చుట్టిన బరువైన వస్తువొకటి ఉన్నదన్నారు. విప్పితే అసలు ఇంజను. నంబరు సరిపోయింది. పిస్టన్లు పట్టేసి ఉన్నాయి. ఉస్తాద్ ప్లగ్గుల రంధ్రాలలో డీజిలు పోసి వారం రోజులు నానబెట్టాడు.

ఆ వారం నాకు నిద్ర సరిగ్గా పట్టలేదు. తాళపత్రంలో మూలపాఠం ఒకటి, తరువాతి చేయి వ్రాసినది మరొకటి కనిపిస్తే పరిష్కర్త ఏమి చేయాలో విద్యార్థులకు ఎన్నోసార్లు చెప్పాను: ప్రక్షిప్తాన్ని తొలగించి మూలాన్ని నిలబెట్టాలి. అయితే ఇక్కడ ప్రక్షిప్తమే రసవంతమైన పద్యం. దానిని తీసివేస్తే, నేను పాతికేళ్ళుగా ఎరిగిన లెక్కల సారు మిగులుతారు. నేను ఎరుగని మనిషి పోతాడు. ఉంచితే బండి రోడ్డెక్కదు, మళ్ళీ టార్పాలిన్ క్రిందకే. "చెప్పుండ్రి సార్, ఏది ఎక్కియ్యాలె?" అని ఉస్తాద్ మూడు రోజులు అడిగాడు. నాలుగవ రోజున, మూలమే ఎక్కించమన్నాను. సరియైన నిర్ణయమేనా అంటే ఇప్పటికీ రూఢిగా చెప్పలేను.

తక్కిన పని త్వరగానే అయింది. టైమింగ్ బెల్టు, క్లచ్ ప్లేటు, రేడియేటరు, నాలుగు టైర్లు, తుప్పు తిన్న నేల రేకుకు వెల్డింగు. పెట్రోలులో ఇథనాలు కలుపుతున్నారని, పాత రబ్బరు గొట్టాలు తట్టుకోవని ఉస్తాద్ అవన్నీ మార్పించాడు. మొత్తం లక్షా పదివేలు. నాలుగింట మూడు వంతులు రాణీగంజ్‌లో ఖర్చయినదే. తనిఖీ సాఫీగా జరిగింది. రాష్ట్రం విడిపోయి టీఎస్ వచ్చింది, 2024లో అది టీజీ అయింది. మా బండి మాత్రం పాత ఏపీ 10 పలకతోనే తిరుగుతున్నది.

మొదటి ఆదివారం వదినగారిని, మా ఇల్లాలిని ఎక్కించుకొని ప్యారడైజ్ మీదుగా బోయిన్‌పల్లి దాకా వెళ్ళాను. వదినగారు ముందు సీటులో కూర్చొని చాలాసేపు మాటాడలేదు. తాడ్‌బంద్ దాటిన తరువాత నెమ్మదిగా అన్నారు:

"పంతులుగారూ, ఇంజను మార్చేశారు కదూ?"

నా చేయి గేరు మీదనే ఆగిపోయింది. "మీకు తెలుసునా వదినగారూ?"

"ఆ రెండో ఇంజనుకు డబ్బు ఎక్కడిదనుకొన్నారు? నా గాజులు రెండు నెలలు తాకట్టులో ఉన్నాయి. కొత్త ఇంజను పెట్టించిన రోజు నన్ను కూర్చోబెట్టుకొని శామీర్‌పేట దాకా తీసుకొనిపోయారు. ఎవరికీ చెప్పవద్దన్నారు." కాసేపాగి, "దానిని అమ్మకండి" అన్నారు.

అది ఇప్పుడు మా వసారాలో ఒక చెక్కబల్ల మీద ఉన్నది, అదే గోనెపట్టా కప్పుకొని. నెలకొకసారి ప్లగ్గులు విప్పి, రంధ్రాలలో రెండు చుక్కలు నూనె వేసి, పానాతో ఒక చుట్టు తిప్పమని ఉస్తాద్ చెప్పాడు. మొన్న ఒకటవ తారీఖున తిప్పాను.