పాలకొలత – నమ్మకము

పాలలో నీరెంత, వెన్నయెంత అను వివాదము పాడియంత పాతది. కొలత వర్తకుని చేతనున్నంతకాలము అతడు చెప్పినదే ధర. 1890లో అమెరికాయందలి విస్కాన్సిన్ విశ్వవిద్యాలయమున స్టీఫెన్ బాబ్‌కాక్ వెన్నశాతమును తేల్చు సులభ పరీక్షను ప్రకటించెను. దానికి పేటెంటు కోరలేదు.

మనదేశమున, నేటి గుజరాతులోని ఖేడా జిల్లా రైతులు వర్తకులకు పాలు పోయుట మాని, 1946లో త్రిభువన్‌దాస్ పటేల్ నాయకత్వమున సహకార సంఘమును నెలకొల్పిరి. వెన్ననుబట్టి వెల కట్టు పద్ధతి అచ్చట వేళ్లూనెను. అయినను పరీక్షకును, లెక్కకును కాలము పట్టెడిది.

1990ల దశకమున ఆ గ్రామసంఘములకు ఎలక్ట్రానిక్ త్రాసు, వెన్నపరీక్ష యంత్రము, కంప్యూటరు వచ్చినవి. పాలు పోసిన కొద్దిసేపటికే తూకము, వెన్నశాతము, రావలసిన పైకము చీటీపై అచ్చగును. పాడి ఇల్లాలు తన కష్టఫలమును తానే చూచుకొనగలదు. ఐతే ఆ యంత్రమును సరిచూచు హక్కు సభ్యులకుండవలెను. లేనిచో పాత వర్తకుని మాటయే క్రొత్త చీటీపై అచ్చగును.