హోటళ్ళలో యోగ విడిది – పూర్వాపరాలు

పెద్ద హోటళ్ళవారు రెండు మూడు రోజుల ఆరోగ్య విడిది ఏర్పాటు చేసి, ఉదయం యోగాసనాలు, మధ్యాహ్నం మితాహారం, సాయంత్రం ధ్యానం అంటూ అతిథులను ఆహ్వానించడం నేడు మామూలైపోయింది. విశ్రాంత ఉద్యోగులను వారి పిల్లలు ఇటువంటి చోట్లకు తీసుకువెళ్ళడమూ కద్దు. ఇది ఎలా మొదలైందో తెలుసుకుంటే, దానివల్ల మనకు ఒనగూడేదేమిటో కూడా తేటపడుతుంది.

ఇందులోని మూలభావం తెలుగువారికి కొత్తది కాదు. నీరు, ఎండ, పథ్యాహారాలతో రోగం కుదుర్చుకోవచ్చునన్న జర్మన్ దేశస్థుడు లూయీ కూనే గ్రంథాన్ని 1894లోనే ద్రోణంరాజు వెంకటాచలపతి శర్మగారు తెనిగించారు. 1946లో గాంధీజీ పూనా సమీపంలోని ఉరుళీకాంచన్ గ్రామంలో ప్రకృతి చికిత్సాశ్రమం నెలకొల్పారు. పల్లెల్లోని పేదలకు ఖర్చులేని వైద్యం అందించడమే వారి ఆశయం.

విదేశాలలోనూ ఆరంభం నిరాడంబరమే. 1940లో మెక్సికోలోని టెకాటేలో సెకెలీ దంపతులు ఒక ఆరోగ్య విడిది ప్రారంభించారు. వారానికి రుసుము పదిహేడున్నర డాలర్లు. డేరా ఎవరిది వారే తెచ్చుకోవాలి! ఆ దంపతులలో డెబోరాగారే 1958లో కాలిఫోర్నియాలో సంపన్నుల కోసం ‘గోల్డెన్ డోర్’ తెరిచారు. డేరా పోయి, సకల సౌకర్యాల గది వచ్చింది.

యోగాన్ని సెలవులతో ముడిపెట్టినవారిలో ముఖ్యులు ఋషీకేశ్ శివానంద స్వామివారి శిష్యులు విష్ణుదేవానంద స్వామి. 1957లో అమెరికా చేరిన ఆయన, 1967లో బహామా దీవులలో సముద్రతీరాన ఆశ్రమం స్థాపించి ‘యోగ సెలవులు’ నడిపారు. తగిన వ్యాయామం, శ్వాస, విశ్రాంతి, ఆహారం, సద్భావనతో కూడిన ధ్యానం – ఈ ఐదే ఆయన బోధ.

2000లో ఋషీకేశ్ చేరువనే, నరేంద్రనగర్‌లోని టెహ్రీ గఢ్వాల్ మహారాజావారి ప్యాలెస్ ఆవరణలో ‘ఆనంద’ అనే విలాస విడిది వెలసింది. ఐక్యరాజ్యసమితి తీర్మానంతో 2015 నుంచి జూన్ 21 అంతర్జాతీయ యోగ దినమయ్యాక ఈ ధోరణికి మరింత ఊపు వచ్చింది.

ఈ చరిత్రలో గమనించదగినది ఒకటుంది. చోటు మారింది, ధర మారింది. అసలు సరుకు మాత్రం అదే. అది మన ఇంటి వరండాలో చాప మీద కూడా దొరుకుతుంది. పిల్లలు ముచ్చటపడి తీసుకువెళితే సంతోషంగా వెళ్ళండి. అక్కడి గురువుగారిని అడిగి, మీ వయసుకు తగిన నాలుగైదు ఆసనాలు నేర్చుకుని రండి. రక్తపోటు, గుండెజబ్బు ఉన్నవారు ముందుగా వైద్యుని సంప్రదించాలి. కంటిలో నీటికాసులు ఉన్నవారు శీర్షాసనం జోలికి పోరాదు. తిరిగి వచ్చాక రోజూ అరగంట సాధన సాగితేనే ఆ ఖర్చుకు సార్థకత. సాగకపోతే అది రెండు రోజుల విహారమే. విహారానికైతే మన పింఛనుకు తగిన చోట్లు వేరే ఉన్నాయి కదా!