ఆసియా రుమాలు

ఈ విషయం రాయాలని ఎన్నాళ్లుగానో అనుకుంటున్నాను. నాంపల్లి నుమాయిష్ చరిత్ర రెండు పేజీల్లో రాసేద్దామని కూర్చున్న ప్రతిసారీ ఆలోచన మా తాత తలపాగా దగ్గరికి వెళ్లి అక్కడే చిక్కుకునేది. ఆ రెండింటికీ సంబంధం ఉందని తెలిశాకే ఈ టపా రాసే ధైర్యం వచ్చింది. కొంచెం దారి తప్పినట్టు అనిపిస్తే మిత్రులు మన్నించాలి.

మాది సూర్యాపేట. మా చిన్నతనంలో ఎగ్జిబిషన్ అంటే ఒకటే, హైదరాబాదులో జనవరి ఒకటిన మొదలై నెలన్నర దాకా సాగేది. సంక్రాంతికి కోదాడ నుంచి పెద్దమ్మ వాళ్లూ, మిర్యాలగూడ నుంచి మామయ్య వాళ్లూ మా ఇంటికి వచ్చేవారు. మామయ్య అక్కడ ఒక రైసు మిల్లులో గుమాస్తా. సకినాల డబ్బా సగమయ్యేసరికి ఎవరో ఒకరు ఎగ్జిబిషన్ మాట ఎత్తేవారు. తెల్లవారుజామున బస్సెక్కి, నకిరేకల్, చౌటుప్పల్ దాటి, గౌలిగూడ బస్టాండులో దిగి, అక్కడినుంచి నాంపల్లికి పోయేవాళ్లం. కాశ్మీరు శాలువాలూ, లక్నో చికన్ కుర్తాలూ, మిరపకాయ బజ్జీలూ, ఎక్కడో మైకులో వినిపించే ఖవ్వాలీ... ఆసియాలో సగం అక్కడే ఉన్నదని నాకు అనిపించేది. అంత దూరం పోయి పెద్దమ్మ కొనుక్కొచ్చేది మాత్రం ప్రతిసారీ ఒక పచ్చడి జాడీ.

ఆ నుమాయిష్ పుట్టింది 1938లో. ఉస్మానియా విశ్వవిద్యాలయం పట్టభద్రులు కొందరు రాష్ట్ర ఆర్థిక స్థితిని సర్వే చేయాలని తలపెట్టారు. అందుకు డబ్బు కావాలి. దేశీయంగా తయారయ్యే వస్తువులతో ఒక ప్రదర్శన పెడితే డబ్బూ వస్తుంది, ఈ నేల మీద ఏమేమి తయారవుతున్నాయో జనానికీ తెలుస్తుందని అనుకున్నారు. చేతిలో ఉన్న మూలధనం రెండున్నర రూపాయలని చెబుతారు. పబ్లిక్ గార్డెన్సులో పది రోజులు, యాభై దుకాణాలు. ప్రారంభించినవాడు ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్. పేరు ‘నుమాయిష్ మస్నూఆతె ముల్కీ’, అంటే స్వదేశీ వస్తువుల ప్రదర్శన. ఆ ‘ముల్కీ’ అన్న మాట తర్వాతి కాలంలో మన రాజకీయాల్లో ఎంత బరువు మోసిందో మీకు తెలియనిది కాదు.

1946లో, మీర్జా ఇస్మాయిల్ ప్రధానమంత్రిగా ఉన్నప్పుడు, ప్రదర్శన నాంపల్లిలో ఇప్పుడున్న మైదానానికి మారింది. 1947, 48 సంవత్సరాల్లో జరగలేదు. 1949లో గవర్నర్ జనరల్ రాజగోపాలాచారి వచ్చి మళ్లీ ప్రారంభించారు. అఖిల భారత పారిశ్రామిక ప్రదర్శన అయ్యాక ‘ముల్కీ’ పోయింది, దేశమంతా వచ్చింది. 2019 జనవరి 30 రాత్రి అగ్నిప్రమాదంలో వందలాది దుకాణాలు కాలిపోయాయి. మహమ్మారి కారణంగా 2021లో జరగలేదు. ఇవి కాక ఒక మంచి మాట కూడా చెప్పాలి: ఆ టిక్కెట్ల డబ్బుతో ఎగ్జిబిషన్ సొసైటీ కాలేజీలు నడుపుతోంది. సరోజినీ నాయుడు వనితా మహావిద్యాలయం, కమలా నెహ్రూ పాలిటెక్నిక్ ఆ మైదానంలోనే ఉన్నాయి.

ఇంతవరకూ అందరికీ తెలిసిన చరిత్రే. నేను ఆగిపోయేది ఆ పట్టభద్రుల ఆలోచన దగ్గర. వస్తువులను ఒకచోట పేర్చి చూపించడం అప్పటికే పాత విద్య. 1851లో లండన్ హైడ్ పార్కులో గాజు మేడ కట్టి ప్రపంచంలోని సరుకంతా చూపించారు. మన దేశపు పనితనమూ అక్కడికి వెళ్లింది. 1866లో ఫోర్బ్స్ వాట్సన్ అనే దొర మన బట్టల్లోంచి ఏడు వందల ముక్కలు కత్తిరించి పద్ధెనిమిది సంపుటాల్లో అతికించాడు. ఏ ఊరిది, ఎంత పొడవు, ఎలా కట్టుకుంటారు అన్న వివరాలు రాయించాడు. బ్రిటిషు మిల్లుదారులు అటువంటివి నేసి మనకే అమ్ముకోవడానికి పనికి వచ్చేట్టు చేసిన ఏర్పాటు అది. హైదరాబాదు కుర్రవాళ్లు 1938లో చేసింది దానికి పూర్తిగా ఎదురు పని. మన సరుకు లెక్క మనమే కడదాం, మన వాళ్లకే చూపిద్దాం అన్నారు. నాకు వాళ్లంటే గౌరవం.

అయితే ఆ లెక్కలో ఒక గడి ఖాళీగా ఉండిపోయింది.

పబ్లిక్ గార్డెన్సులో దీపాలు వెలుగుతున్న ఆ సంవత్సరాల్లోనే మా నల్లగొండ జిల్లా పల్లెల్లో వెట్టి నడుస్తోంది. సూర్యాపేట, మిర్యాలగూడ, హుజూర్‌నగర్ తాలూకాలన్నీ దొరల గడీల కింద ఉండేవి. గొల్లలు గొర్రెను ఇవ్వాలి, కుమ్మరులు కుండలు ఇవ్వాలి, నేతగాళ్లు బట్ట ఇవ్వాలి, ధర అడగకూడదు. స్వదేశీ వస్తువు అని నగరం మురిసిపోయే ఆ వస్తువును తయారు చేసినవాడికి తన ఊళ్లో దాని మీద హక్కు లేదు. 1941లో ఆంధ్రమహాసభ కోదాడకు దగ్గరలోని చిలుకూరులో జరిగింది. అధ్యక్షుడు రావి నారాయణరెడ్డి. సభ మితవాదుల చేతుల్లోంచి రైతుకూలీల వైపు మళ్లింది అక్కడే అంటారు. నుమాయిష్ కొత్త మైదానానికి చేరిన 1946లోనే, జులై 4న, అప్పటి మా జిల్లాలోని కడవెండిలో దొడ్డి కొమరయ్య తుపాకి గుండుకు బలయ్యాడు. ఆయన గొర్రెలు కాచే కుటుంబంలోవాడు. రెండు సంఘటనలకూ మధ్య కార్యకారణ సంబంధం ఏమీ లేదు, నాకు తెలుసు. ఒకే సంవత్సరం, ఒకే రాజ్యం... అంతే.

ఇక రుమాలు సంగతి.

తెలంగాణలో రుమాలు అంటే జేబులో పెట్టుకునేది కాదు, తలకు చుట్టుకునేది. మా తాత గొర్లకాపరి. ఆయన రుమాలు ముదురు ఎరుపు, నలుపు, తెలుపు గళ్లతో ఉండేది. ఎంత ఉతికినా దాని నూనె వాసన పోయేది కాదు. ఇంట్లో దాన్ని ‘నూనె గుడ్డ’ అనేవాళ్లు. ఎండలో తలను చల్లగా ఉంచుతుందని తాత దాన్ని వదిలేవాడు కాదు. ఆయన పోయాక అది కొంతకాలం ట్రంకు పెట్టెలో ఉండి, తర్వాత చిరిగి, చివరికి నా సైకిలు చెయిను తుడిచే గుడ్డ అయింది. తుడిచింది నేనే.

అది తేలియా రుమాలు అని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. చీరాల దాని పుట్టినిల్లు. నూలును నూనెలోనూ, ఆముదపు కాయలు కాల్చిన బూడిద నీళ్లలోనూ నానబెట్టి, పిసికి, ఎండబెట్టి, మళ్లీ నానబెట్టి... ఇలా రెండు వారాలకు పైగా చేస్తేనే ఆ నూలు రంగును గట్టిగా పట్టుకుంటుంది. ఆ తర్వాత చిటికి కట్టడం, అంటే రంగు తగలకూడని చోట దారాన్ని బిగించి కట్టి అద్దకంలో ముంచడం. అలిజరిన్ ఎరుపు, నలుపు, మధ్య విడిచిన తెలుపు. నేయకముందే బొమ్మ దారంలో ఉంటుంది, మగ్గం మీద దాన్ని తప్పకుండా కలుపుకోవడమే నేత. ఇరవయ్యో శతాబ్దంలో విమానాలు, గడియారాలు కూడా ఆ గళ్లలోకి వచ్చి చేరాయి. ఈ పనికి ప్రపంచమంతా వాడే ‘ఇకత్’ అన్న మాట మలయ్ భాషది, కట్టడం అని అర్థం.

ఈ రుమాళ్లు ఓడలెక్కి ఏడెన్‌కూ, పర్షియా సింధుశాఖ రేవులకూ, తూర్పు ఆఫ్రికాకూ పోయేవి. ఎడారి ఎండకూ దుమ్ముకూ అరబ్బులు తలకు చుట్టుకునేవారు. అందుకే వ్యాపారులు దీనికి ‘ఆసియా రుమాలు’ అని పేరు పెట్టారు. ఇక్కడ మాత్రం దీన్ని కట్టుకున్నది జాలరులూ, పశువుల కాపరులూ. నాంపల్లిలో ఆసియాను వెతుక్కుంటూ నేను బస్సెక్కిన ప్రతిసారీ అది మా ఇంట్లో చిలక్కొయ్యకు వేలాడుతూనే ఉందన్నమాట.

అరబ్బు బజారు తగ్గిపోయాక చీరాలలో ఈ నేత సన్నగిల్లింది. నిలబెట్టినది మా పాత నల్లగొండ జిల్లాలోని పుట్టపాక. ఇప్పుడది యాదాద్రి భువనగిరి జిల్లా. అక్కడి గజం గోవర్ధన గారికి 2011లో పద్మశ్రీ వచ్చింది. 2020లో పుట్టపాక తేలియా రుమాలుకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. సంతోషమే. ఫోర్బ్స్ వాట్సన్ పుస్తకాల్లో ఊరి పేరు ఉండేది, మనిషి పేరు ఉండేది కాదు. ఇక్కడ మనిషి పేరు కూడా వినబడింది.

2024 జనవరిలో అమ్మను ఎగ్జిబిషనుకు తీసుకెళ్లాను. మోకాళ్ల నొప్పులతో సగం దూరానికే కూర్చుంటానంది. అటు తిరిగితే ఒక చేనేత దుకాణంలో, గాజు పలక వెనక, ఎరుపు నలుపు తెలుపు గళ్ల బట్ట. అమ్మ లేచి దగ్గరికి పోయింది.

“గిది మా నాయిన రుమాలే గదరా” అన్నది.

దుకాణంలోని కుర్రవాడు మర్యాదగా, “ఇది తలకు కట్టేది కాదమ్మా, దుపట్టా. గోడకు ఫ్రేము కూడా కట్టించుకుంటారు” అన్నాడు. ధర చెప్పాడు. అమ్మ ధర వినలేదు. “జర ముట్టుకోనియ్యి బిడ్డా” అని అడిగి, అంచు వేళ్ల మధ్య నలిపి, ముక్కు దగ్గర పెట్టుకున్నది. నూనె వాసన ఉందట. నాకు ఎక్కువసేపు అక్కడ నిలబడ బుద్ధి కాలేదు.

ధర ఎక్కువని నేను అనను. అన్ని రోజుల పనికి అంత ధర న్యాయమే, వెట్టి కాలంలో ఆ ధర అడిగే నోరు ఉండేది కాదు. నా బాధ వేరు. నేసినవాడికి న్యాయమైన ధర వచ్చేసరికి, దాన్ని కట్టుకున్న గొర్లకాపరి దాన్ని కొనలేని స్థితికి వచ్చాడు. ఈ లెక్క ఎలా సరిచేయాలో ఆ 1938 నాటి పట్టభద్రులుంటే అడిగి ఉండేవాణ్ణి.

మరుసటి సంవత్సరం, 2025 ఫిబ్రవరిలో, దురాజ్‌పల్లి పెద్దగట్టు జాతర వచ్చింది. సూర్యాపేట నుంచి కోదాడ పోయే దారిలో, జాతీయ రహదారి పక్కనే గుట్ట. లింగమంతుల స్వామి, చౌడమ్మ. రెండేళ్లకొకసారి మాఘమాసంలో అయిదు రోజులు. లారీలన్నీ దారి మళ్లించవలసి వస్తుంది, జనం అంత. గజ్జెల లాగులు తొడుక్కుని, భేరీలు కొట్టుకుంటూ, ‘ఓ లింగా’ అని అరుచుకుంటూ యాదవులు గుట్టెక్కుతుంటే, నగరంలో సాంస్కృతిక ఉత్సవాలు నిర్వహించే వాళ్లు దీన్ని చూసి ఎన్ని స్టాళ్లుగా విడదీస్తారో అని ఒక కొంటె ఆలోచన వచ్చింది. దుస్తులు ఒక స్టాలు, వంట ఒక స్టాలు, డోలు ఒక స్టాలు. ఇక్కడ వాటిని విడిగా చూసేవాడు లేడు, నాలాంటి వాడు తప్ప.

అమ్మ గుట్ట కిందనే కూర్చుంది. నేను జనంలో తలపాగాలు చూస్తూ తిరిగాను. తెల్లవి, కాషాయం రంగువి, పసుపువి, మిల్లు తువ్వాళ్లు. సాయంత్రం దాకా చూశాను. ఎరుపు నలుపు గళ్లది ఒక్కటి కనబడింది. దగ్గరికి పోయి చూస్తే అచ్చు వేసిన పాలిస్టరు. ఆ పెద్దమనిషి నా చూపు గమనించి, “ఏంది కొడుకా, అట్ల జూస్తున్నవ్?” అని నవ్వాడు. బాగుంది పెద్దయ్యా అన్నాను. మిర్యాలగూడ సంతలో కొన్నాడట, నూట ఇరవై రూపాయలకు.