కత్తి ఎవరి కడుపు మీద?

సామర్లకోట జంక్షన్లో కాకినాడ బండి కోసం నిలబడ్డప్పుడు మమ్మల్ని ఎన్నోసార్లు ఒకే ప్రశ్న పలకరించింది: “మీవాళ్ళు ఆపరేషన్లు చేయించుకోరట కదా?” అడిగినవాళ్ళలో మాతో చదువుకున్న మిత్రులూ ఉన్నారు. జవాబు మా ఇళ్ళలోనే ఉంది. మా అమ్మలూ ఖాలాలూ బురఖా వేసుకుని వెళ్ళి ఆపరేషన్ చేయించుకొచ్చారు. మసీదు పెద్దలకు తెలియకుండా దాచారు. మీకూ తెలియలేదు.

ఆ దాపరికం వెనక చరిత్ర ఉంది. ఎమర్జెన్సీలో, 1976-77లో, దేశంలో 82 లక్షలకు పైగా కు.ని. ఆపరేషన్లు జరిగాయి. వాటిలో 62 లక్షలు మగవాళ్ళవే. 1976 నవంబరులో హర్యానాలోని ఉటావర్ అనే మేవ్ ముస్లింల ఊరిని పోలీసులు చుట్టుముట్టి మగవాళ్ళను పట్టుకుపోయారు. బలైనవాళ్ళలో అన్ని మతాల పేదలూ ఉన్నారు. భయం మాత్రం మా ఇళ్ళలో ఎక్కువకాలం ఉండిపోయింది.

1977 ఎన్నికల్లో ఆ ప్రభుత్వం ఓడింది. ఆ తర్వాత మగవాడి జోలికి వెళ్ళడానికి పాలకులు జంకారు. కత్తి ఆడవాళ్ళ వైపు తిరిగింది. మగవాడికి చేసేది చిన్న ఆపరేషన్. పొట్ట కోయనక్కరలేదు, మగతనం పోదు. అయినా 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15-49 ఏళ్ళ వివాహిత స్త్రీలలో నూటికి సుమారు 70 మంది ఆపరేషన్ అయినవాళ్ళే. భర్త చేయించుకున్నవాళ్ళు నూటికి ఒక్కరు కూడా లేరు. ఈ విషయంలో మేమూ నేరస్తులమే. మేమూ మా ఆడవాళ్ళనే పంపాం.

ఇక మతం మాట. గర్భం రాకుండా జాగ్రత్తపడటం తప్పుకాదని తొమ్మిది వందల ఏళ్ళ కిందటే ఇమాం గజాలీ రాశారు. శాశ్వత ఆపరేషన్‌కే ఉలేమాలో చాలామంది అభ్యంతరం చెప్పారు. ఆ అభ్యంతరాల మధ్యనే దేశంలో ముస్లిం స్త్రీకి సగటున పుట్టే పిల్లలు 1992-93లో 4.4 నుంచి 2019-21 నాటికి 2.4కు తగ్గారు. ఆడపిల్ల బడికి వెళ్ళినచోట, బతుకు కాస్త మెరుగైనచోట కాన్పులు తగ్గాయి. ఏ మతంలోనైనా జరిగింది ఇదే.

ఇద్దరికి మించి పిల్లలుంటే పంచాయతీ ఎన్నికల్లో పోటీ చేయకూడదని 1994లో మన రాష్ట్రం చట్టం చేసింది. 2024లో ఆ నిబంధన ఎత్తేసి, ఎక్కువమందిని కనమని ముఖ్యమంత్రే చెప్పారు. వద్దన్నప్పుడూ కావాలన్నప్పుడూ లెక్క వేసింది పాలకులు, మోసింది స్త్రీ. మమ్మల్ని ప్రశ్నించే మిత్రులారా, ఒక్కసారి మీ ఇంట్లో అడగండి. ఆపరేషన్ ఎవరికి జరిగింది? నిర్ణయం ఎవరు చేశారు? మా ఇంట్లో మేమూ అడుగుతాం.