బల్ల కింద ఎవరి పేరు?

స్వర్ణోత్సవ సంచికకి వ్యాసం ఇమ్మని సంఘం వారు అడిగినప్పుడు ఉద్యోగం గురించి రాయకూడదనుకున్నాను. మన బడి నుంచి వెళ్లిన ఇంజినీర్లకి కొదవ లేదు, ఆ కథలన్నీ దాదాపు ఒకటే. శని, ఆదివారాల్లో నేను చేసే పక్క పని సంగతి కొందరు మిత్రులకి తెలుసు: అడిగినవారి ఇంటి కొలతలకి టేకు బల్లలు, కుర్చీలు గీసి, ఒక మేస్త్రి గారితో కలిసి చేసి అమ్మడం. ఈ దారిలో నాకన్నా చాలా ముందు నడిచిన ఒకాయన చరిత్ర చెబుతాను. అందులో మన గోల్కొండ కూడా ఉంది.

పాండిచ్చేరిలో అరవిందాశ్రమం వారి ‘గోల్కొండ్’ అనే వసతి భవనం ఉంది. హైదరాబాదు సంస్థానంలో ఉన్నత పదవిలో ఉన్న సర్ అక్బర్ హైదరీ చొరవతో వచ్చిన విరాళం ఆ కట్టడానికి ఊతం. అందుకే వజ్రాల గోల్కొండ పేరు పెట్టారు. నమూనా తయారు చేసింది టోక్యోలోని ఆంటొనిన్ రేమండ్ కార్యాలయం. పని దగ్గరుండి చూడడానికి ఆ కార్యాలయం పంపిన యువకుడు జార్జ్ నకషిమా. జపాను నుంచి వలస వచ్చిన దంపతులకి 1905లో అమెరికాలోని స్పోకేన్‌లో పుట్టాడు. మొదట అటవీశాస్త్రం, ఆ తర్వాత ఆర్కిటెక్చర్, పైన ఎం.ఐ.టి. చదువు.

మన దేశంలో కొత్త పద్ధతిలో కట్టిన తొలితరం కాంక్రీటు భవనాల్లో గోల్కొండ్ ఒకటి. బయటి గోడల స్థానంలో తిప్పి తెరిచే, మూసే కాంక్రీటు పలకలు. గాలి లోపలికి వస్తుంది, ఎండ రాదు. కరెంటు పంకాల మీద ఆధారపడకుండా ఆ ఎండల్లో నివసించదగ్గ గదులు కట్టారంటే వృత్తిరీత్యా నాకు కొంచెం ఈర్ష్యగానే ఉంటుంది. గదుల్లోకి టేకు సామాను కావాలి కదా, దాన్ని గీసే పనీ నకషిమాయే చూశాడు. అసలు పని భవనం, పక్క పని మంచాలూ బల్లలూ. కొన్నాళ్లకి జీతం వద్దని ఆయన ఆశ్రమంలోనే చేరిపోయాడు. అరవిందులు ‘సుందరానంద’ అని పేరు పెట్టారు.

1939లో పాండిచ్చేరి విడిచి, జపాను మీదుగా అమెరికా చేరాడు. సియాటిల్‌లో ఒక క్రైస్తవ సంస్థ నడిపే బాలుర క్లబ్బులో పిల్లలకి చెక్కపని నేర్పాడు. అందుకు ప్రతిఫలంగా తన పనికి అక్కడే చోటిచ్చారు. అద్దె లేని కార్ఖానా! చిన్న పని మొదలుపెట్టే వాళ్లెవరైనా ఈ ఏర్పాటు గుర్తుపెట్టుకోదగ్గది.

ఇంతలో యుద్ధం. 1942లో అమెరికా ప్రభుత్వం జపాను మూలాలున్న తన సొంత పౌరులతో సహా 1,20,000 మందిని ఇళ్లలోంచి తరలించి శిబిరాల్లో పెట్టింది. నకషిమా, భార్య, పసిబిడ్డ మీరా ఐడహోలోని మినిడోకా శిబిరానికి చేరారు. అక్కడ గెంటారో హికోగావా అనే వడ్రంగి కలిశాడు. జపానులో సంప్రదాయ పద్ధతిలో పని నేర్చుకున్నవాడు. శిబిరంలో మిగిలిన చెక్కముక్కలతో, చుట్టూ ఎడారి పొదల కొమ్మలతో ఇద్దరూ కలిసి పనిచేశారు. జపాను చేతి పనిముట్లు వాడడం, మేకు లేకుండా చెక్కని చెక్కలోకి దించి బిగించడం, తొందరపడకపోవడం నకషిమాకి వంటబట్టింది ఇక్కడే. ఎం.ఐ.టి. పట్టా ఉన్నవాడు ముళ్లకంచె వెనక ఒక వడ్రంగికి శిష్యుడయ్యాడు. ఈ చరిత్రలో నాకు అన్నిటికన్నా ముఖ్యమైన ఘట్టం ఇదే.

1943లో రేమండ్ హామీ మీద బయటికొచ్చి, పెన్సిల్వేనియాలోని న్యూ హోప్‌లో ఆయన పొలంలో కోళ్లు పెంచుతూ, పక్కన చెక్కపని సాగించాడు. మంచి చెక్క కొనే డబ్బు లేదు. కలప వ్యాపారులు పనికిరావని వదిలేసిన పగుళ్ల చెక్కలు, ముళ్లు పడ్డ చెక్కలు తెచ్చుకునేవాడు. పగులు కనబడకుండా పూడ్చలేదు. ఇంకా పాకకుండా దానికి అడ్డంగా మన డమరుకం ఆకారంలో ఒక చెక్కముక్క దించేవాడు. లేమిలో పుట్టిన ఆ పద్ధతే తర్వాత ఆయన ముద్ర అయింది. 1973లో రాక్‌ఫెల్లర్ కుటుంబపు ఇంటికి 200కు పైగా వస్తువులు చేసిచ్చేంత వరకూ వెళ్లింది ఆ పని. అంతకుముందే అహ్మదాబాదులోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్‌లో ఆయన నమూనాలతో సామాను చేశారు. 1990లో ఆయన పోయాక కార్ఖానాని మీరా నడిపింది.

ఆయనకో అలవాటు ఉండేది. ఫలానా చెక్క ఫలానా వారి కోసం అని తేలాక, వస్తువు అడుగున ఆ కొన్నవారి పేరు రాసేవాడు. హికోగావా పేరు మాత్రం నకషిమా గురించి చదివితే తప్ప తగలదు.

మన ఊళ్లలో ఇంతకన్నా భిన్నంగా ఏముంది? ఇవాళ ‘కస్టమ్ మేడ్’ అని ఎక్కువ ధర చెబుతున్నాం గానీ, మన తాతల కాలంలో అరక నుంచి ఉయ్యాల వరకూ అన్నీ కొలతకి చేయించుకున్నవే. వడ్రంగి బాడిస, ఉలి పట్టుకుని ఇంటికే వచ్చేవాడు, కళ్లంలో గింజలు కొలిచి ఇచ్చేవారు. ద్వారబంధం మీద చెక్కిన పువ్వు ఎవరి చేతిదో ఆ ఇంటివారికే తెలియదు. మన బడి క్రాఫ్ట్ పీరియడ్‌లో మనం తోమిన చెక్కల వెనక కూడా ఆ విద్యే ఉంది. మార్కులు రావు కాబట్టి దాన్ని ఎవరం పట్టించుకోలేదు.

నేను వాడేది పడగొట్టిన పాత ఇళ్ల టేకు. దూలాలు, వాసాలు అరవై డెబ్బై ఏళ్లు నీడలో ఆరినవి, ఇక మెలితిరగవు. కొత్త చెక్క తెస్తే మేస్త్రి గారు అరచేత్తో నిమిరి, “ఇది ఇంకా పచ్చిది బాబూ, వచ్చే ఏడు చూద్దాం” అని గోడకి చేర్చేస్తారు. నా డ్రాయింగు ఎంత బాగున్నా ఆ మాటకి అప్పీలు లేదు. ఆరుగురు కూర్చునే బల్లకి మా ఇద్దరికీ పది పన్నెండు వారాంతాలు పడుతుంది. ధర వేసేటప్పుడు ముందు చెక్క, తర్వాత ఆయన కూలి, చివర నాది. నాకు జీతం ఉంది కాబట్టి నా గంటలు లెక్కవేయకుండా చవగ్గా ఇవ్వవచ్చు. కానీ అలా చేస్తే ఇదే పని మీద బతికేవాడి ధరని నేను పడగొట్టినట్టే. పక్క పనిగా చేసేవాళ్లు ఈ సంగతి ఎక్కువగా ఆలోచించరు. ధర విని వెనక్కి తగ్గిన మిత్రులున్నారు, స్నేహం మాత్రం చెడలేదు.

మూడేళ్లుగా ప్రతి బల్ల అడుగున కొన్నవారి పేరుతో పాటు మేస్త్రి గారి పేరు కూడా ఉలితో చెక్కుతున్నాం. మొదట ఆయన ఒప్పుకోలేదు, “మన పేర్లెందుకు, వాళ్ల సొమ్ము కదా” అన్నారు. తర్వాత ఒకసారి మనవణ్ణి తీసుకొచ్చి, బల్ల కిందికి దూర్చి చూపించారు.

ఆయన కొడుకులిద్దరూ ఈ పనిలోకి రాలేదు. వాళ్లని తప్పుపట్టలేను, వచ్చేది ఎంతో నాకు తెలుసు. సంక్రాంతి దాటాక ఇద్దరు కుర్రాళ్లు నేర్చుకోవడానికి వస్తామన్నారు, ఒకడు సివిల్ డిప్లొమా. మొదటి నెల రంపం ముట్టనివ్వనని మేస్త్రి గారు ముందే చెప్పేశారు. నెలంతా ఉలి నూరడమేనట.