ఈగ గాలిలో ఒరిగిపోదెందుకు?



భోజనం దగ్గర వాలిన ఈగను విసనకర్రతో తోలి చూడండి. గాలి తాకిడికి అది ఒక పక్కకు ఒరుగుతుంది. మరుక్షణమే సర్దుకుని మళ్లీ మీ విస్తరి మీదికే వస్తుంది. అంత చిన్న ప్రాణి అంత త్వరగా ఎలా నిలదొక్కుకుంటుంది? ఈ ప్రశ్నకు సరైన జవాబు దొరకడానికి రెండు వందల ఏళ్లకు పైగా పట్టింది. ఆ కథే ఈనాటి ప్రసంగం.

తూనీగకూ సీతాకోకచిలుకకూ నాలుగు రెక్కలుంటాయి. ఈగకూ దోమకూ రెండే. వాటి పూర్వపు కీటకాలకు ఉన్న వెనుక రెక్కల జత కాలక్రమాన మారిపోయి, సన్నని కాడ చివర గుండు పెట్టినట్టుండే రెండు బుడిపెలుగా మిగిలింది. పూర్వం గ్రీకు దేశంలో దూకుడు పోటీల్లో క్రీడాకారులు చేత పట్టుకునే బరువుల పేరే వీటికి పెట్టారు: హాల్టీర్లు.

ఇంగ్లండులో అప్‌మినిస్టర్ అనే ఊళ్లో విలియం డెర్హామ్ అనే మతాచార్యుడు ఉండేవారు. చర్చి గోపురం ఎక్కి, దూరాన పేల్చిన తుపాకి మెరుపుకూ చప్పుడుకూ మధ్య వ్యవధిని లెక్కగట్టి, ధ్వని వేగాన్ని కొలిచిన మనిషి ఆయన. ఈ బుడిపెలను కోసేస్తే ఈగ తిన్నగా ఎగరలేదని 1713లో ప్రచురించిన తన గ్రంథంలో తెలియజేశారు.

ఆయన చూసింది నిజమే. చెప్పిన కారణం మాత్రం వేరు. తాడు మీద నడిచే గడసానికి చేతిలోని గడ ఎలాగో, ఈగకు ఇవి అలాంటి తూకపు బరువులని అనుకున్నారు. కాని ఆ బుడిపెల బరువు ఈగ ఒంటి బరువులో లెక్కకు రానంత స్వల్పం. అవి ఒంటిని ఎలా నిలబెడతాయి? అవి రెక్కల కండరాలను ఉత్సాహపరిచే అవయవాలని తరువాత కొందరు వాదించారు.

నాజీల పాలన వచ్చాక జర్మనీ విడిచి లండను చేరిన శాస్త్రవేత్త గాట్‌ఫ్రీడ్ ఫ్రెంకెల్ ఒక తమాషా ప్రయోగం చేశారు. బుడిపెలు తీసేసిన ఈగ తోకకు చిన్న దారం అతికించారు. గాలిపటానికి తోక కట్టినట్టన్నమాట. ఈగ మళ్లీ నిలకడగా ఎగిరింది! అంటే రెక్కల సత్తువ ఎక్కడికీ పోలేదు. పోయింది నిలకడ ఒక్కటే.

ఫ్రెంకెల్, కేంబ్రిడ్జికి చెందిన జాన్ ప్రింగిల్ కలిసి 1938లో కొత్త మాట చెప్పారు: హాల్టీరు బరువు కాదు, గైరోస్కోపు. యుద్ధకాలంలో విమానాల రాడార్ మీద పనిచేసి వచ్చిన ప్రింగిల్, 1948లో దీన్ని సవివరంగా నిరూపించారు.

మీరే పరీక్షించవచ్చు. చేతిసంచీలో కొబ్బరికాయ వేసి ముందుకూ వెనక్కూ ఊపండి. ఊపుతూనే చటుక్కున పక్కకు తిరగండి. సంచీ తన దారినే పోవాలని చూస్తుంది. మీ చేతికి అడ్డంగా లాగినట్టు తెలుస్తుంది. ఈగ హాల్టీరూ రెక్కతో సమానమైన వేగంతో, రెక్క పైకి లేస్తే తాను కిందికి దిగుతూ ఊగుతుంది. పండ్ల మీద ముసిరే చిన్న ఈగలో ఇది సెకనుకు సుమారు 200 సార్లు. ఒళ్లు తిరగ్గానే కాడ మొదలు కొద్దిగా వంగుతుంది. అక్కడి నాడులు ఆ కబురు రెక్కల కండరాలకు చేరవేస్తాయి.

ఇందులో మన పొరుగు నగరం పాత్రా ఉంది. రెక్కకూ హాల్టీరుకూ తాళం కుదిర్చేది ఒంటి పెంకులోని యాంత్రికమైన లంకె అనీ, చనిపోయిన ఈగలో రెక్క కదిపినా హాల్టీరు కదులుతుందనీ 2015లో బెంగుళూరు జాతీయ జీవశాస్త్ర కేంద్రంలో సంజయ్ సానే బృందం చూపింది.

డెర్హామ్ చూపులో లోపం లేదు. ఫ్రాన్సులో ఫూకో గైరోస్కోపు చూపించింది 1852లో. పోల్చుకోవడానికి ఆ మతాచార్యుడి కాలంలో అలాంటి వస్తువే లేదు. కళ్లతో చూసిన నిజం ఒక్కోసారి తన అర్థం కోసం ఇంకో పనిముట్టు పుట్టేదాకా కాచుకుంటుంది. ఇప్పుడు మన చేతి ఫోను ఎటు తిరిగిందో కనిపెట్టే పరికరంలోనూ తిరిగే చక్రం ఉండదు, కంపించే అతి చిన్న ముక్క ఉంటుంది. ఈగను తోలేటప్పుడు ఒకసారి ఈ సంగతి గుర్తు చేసుకోండి.