ఉడుమును లక్కపురుగును

తోకతో కూడ నాలుగైదడుగుల నిడివి పెరిగి చెదపుట్టలయందును చెట్టుతొఱ్ఱలయందును వసించు ఉడుమునకును, పుట్టిననాడు సుమారు అర మిల్లీమీటరుండు లక్కపురుగునకును ప్రాణిశాస్త్రరీత్యా చుట్టరికమేదియు లేకున్నను, మన సంగీతచరిత్రలో ఈ రెండును ఒకచోట కలిసినవి: మొదటిది చర్మమిచ్చి కంజీరను పలికించినది, రెండవది జిగురిచ్చి గ్రామఫోను రికార్డును పాడించినది.

భజనగోష్ఠులలో మ్రోగుచుండిన కంజీరను కచేరీ వేదికపై నిలిపిన ఘనత పుదుక్కోట మాన్‌పూండియా పిళ్ళది. పనసకఱ్ఱ చట్రమునకు ఒకవైపున బిగించిన ఆ పలుచని చర్మమును లోపలినుండి నీటితో తడిపి శ్రుతి దింపినప్పుడు వెలువడు గంభీరనాదము మనోహరమే. కాని ఉడుము చావక ఆ నాదము పుట్టదు. చెప్పులకును సంచులకును పడమటి దేశములవారు కోరగా ఈ చర్మములు విస్తారముగా ఎగుమతియై, చివరకు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము అడ్డుపడవలసివచ్చినది.

లక్క కథ ఇంతకంటె ప్రాచీనము, ఇంతకంటె విచిత్రము. పాండవులను దహింపదలచి కట్టించిన ఇల్లు లక్కయిల్లేకదా! మోదుగ, రేగు, కుసుమవృక్షముల లేతకొమ్మల రసమును పీల్చి, తనచుట్టు తానే జిగురుగూడు కట్టుకొను ఈ పురుగును జేమ్స్ కెర్ అనునతడు 1781లో శాస్త్రలోకమునకు వర్ణించెను. తొలుత కుంపిణీ వర్తకులు దాని ఎఱ్ఱరంగునకై ఆసపడిరి. పందొమ్మిదవ శతాబ్ది ఉత్తరార్ధమున రసాయనపు రంగులు వచ్చి ఆ బేరమును కూల్చినను, జిగురు మాత్రము నిలిచి, రాతిపొడితో కలిసి రికార్డుగా మారినది. 1908లో కలకత్తా సియాల్దాలో రికార్డుల కర్మాగారము వెలసినది. తరువాత వినైలు వచ్చి లక్కను అక్కడినుండియు తొలగించినది.

రెండు పర్యాయములు విపణిని కోల్పోయియు లక్క బ్రతికినదనగా, దానికి కారణము పురుగు బలము కాదు, దానిని పెంచువారి నేర్పని నా నిశ్చయము. పంట కోయువాడు పిల్లలు వెలువడనున్న కొమ్మలను విత్తనముగా దాచి, క్రొత్త చెట్లకు కట్టును. ఉడుమును పట్టువాడు పట్టుటే తప్ప పెంచుట యెఱుగడు. అందుచేతనే వరాహనది ఒడ్డున ఏటికొప్పాకలో తరిణెపై తిరుగు అంకుడుకఱ్ఱకు అదిమిన లక్కకడ్డి రాపిడివేడికి కరగి నేటికిని బొమ్మలకు రంగద్దుచున్నది, చార్మినారు చెంత లాడ్‌బజారులో గాజులగుచున్నది. కంజీర చేయువారు మాత్రము మేకతోలును, కృత్రిమపు పొరను ఆశ్రయించుచున్నారు.